రైతుబజార్ కార్డు కిరాయికి ఇచ్చే ముందు ఇది చదవండి

పోయిన నెల పురుగుమందుల మీద రాస్తే చాలామంది ఫోన్లు చేసిన్రు. ఈసారి పంట మీద కాదు, అమ్మకం మీద రాస్తున్న. జర పొడుగు ఉంటది, రాత్రి బువ్వ తిన్నాక తీరికగా చదవండి.

ఈ మధ్య మనవాళ్లలో ఒక మాట బాగా వినిపిస్తున్నది. "రైతుబజార్‌కు పోయి పొద్దంత కూసుంటే ఏమొస్తదన్నా, కార్డు ఇంకొకనికి ఇచ్చేస్తే నెలకు ఇంత అని చేతిలో పెడ్తడు, మనకు కష్టం లేదు" అని. చదువుకున్న పిల్లగాండ్లు కూడా ఇదే అంటున్నరు. వాళ్లను నేను తప్పు పట్టను, పట్నంలో పొద్దంత కూసునుడు ఎంత కష్టమో నాకూ తెలుసు. కాకపోతే ఆ కార్డు ఎట్ల వచ్చింది, అది రాకముందు మన తాతలు, నాయినలు ఎట్ల అమ్మిన్రు అనేది తెలుసుకొని అప్పుడు నిర్ణయం చేసుకోండి.

పాత కాలం నుంచి మొదలుపెడ్త. మనం అంగడి అంటం, కోస్తావాళ్లు సంత అంటరు. వారానికి ఒక రోజు, ఊరి బయట చెట్ల కింద. పండించినవాడే గంప ఎత్తుకొని వచ్చేది, వండుకునేవాళ్లే కొనేది. ఆ అంగట్ల మధ్యవర్తి అవసరం పెద్దగా లేకుండె. ఎంత పండించినా చుట్టూ ఉన్న నాలుగైదు ఊళ్లకే సరిపోయేది. పట్నాలు పెరిగినంక, రైళ్లు వచ్చినంక లెక్క మారింది. పంట దూరం పోవాలంటే నడుమ ఒకడు కావాలె. వాడే అడ్తిదారు. వాడు ఊరికే రాలేదు, అప్పు పట్టుకొని వచ్చిండు. విత్తనానికి, పెండ్లికి, బావి పూడిక తీయడానికి పైసలు ఇచ్చిండు. ఇచ్చినోడికే పంట పోయాలె, వాడు చెప్పిందే ధర.

ఆ ధర కూడా రైతు చెవిన పడేది కాదు. పశువుల అంగట్ల చూసే ఉంటరు, కండువా కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకొని బేరం చేసేవాళ్లు. ధాన్యం, పత్తి మార్కెట్లలో కూడా దేశంలో చాలాచోట్ల ఇదే పద్ధతి నడిచింది. గుడ్డ కింద కొనేవాడికి, కొనిపించేవాడికి మధ్య ఏ వేలు పట్టిన్రో పక్కన నిలబడ్డ రైతుకు తెల్వదు. సరుకు నాది, ధర నాకు తెల్వదు. ఈ ఒక్క ముక్క యాదిలో పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తది.

ఇప్పుడు చట్టాల సంగతి. మన దేశంలో మార్కెట్ల మీద మొదటి చట్టాల్లో ఒకటి 1897లో బేరార్‌లో వచ్చింది. బేరార్ అంటే అమరావతి, అకోలా వైపు పత్తి నేల. పేరుకు నిజాం రాజ్యమే, పాలన మాత్రం ఇంగ్లీషోళ్లది. హైదరాబాద్‌లో కూసున్న రెసిడెంటు హుకుంతోనే ఆ చట్టం నడిచింది. అది పత్తికి, ధాన్యానికి. ఎందుకంటే ఇంగ్లాండు మిల్లులకు మంచి పత్తి, సరైన ధరకు కావాలె. రైతు మీద ప్రేమ పుట్టి చేసింది కాదని నా అభిప్రాయం. అయినా మార్కెట్ కమిటీ అనే మాట అక్కడి నుంచే మనకు అందింది.

తర్వాత 1928లో రాయల్ వ్యవసాయ కమిషన్ రిపోర్టు ఇచ్చింది. దేశమంతా తిరిగి వాళ్లు చూసిందేమంటే తప్పుడు తూకాలు, ఇష్టమొచ్చిన కోతలు, రైతుకు తెల్వకుండ ధర తెంచుడు. మార్కెట్లకు చట్టం పెట్టి, కమిటీలు వేసి, లైసెన్సులు ఇవ్వాలని చెప్పిన్రు. ఆ వెంటనే మన హైదరాబాద్ రాజ్యంలో 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. అటు మద్రాసు ప్రాంతంలో 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. ఆ పేరే చూడండి, వాణిజ్య పంటలు. అంటే పత్తి, పల్లీలు, పొగాకు. వంకాయ, బెండకాయ, తోటకూర పండించేటోడు అందులో లేడు. వాడి సరుకు ఓడ ఎక్కదు, మిల్లుకు పోదు, పొద్దుగూకితే వాడిపోతది. అందుకే వాడిని ఎవ్వరూ పట్టించుకోలేదు.

రాష్ట్రం ఒకటైనంక 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం తెచ్చిన్రు. యార్డులు, గోడలు, షెడ్లు, లైసెన్సు ఉన్న అడ్తిదారులు, సెస్సు, అన్నీ దాని కిందికే వచ్చినయి. కూరగాయలు కూడా యార్డులకు ఎక్కినయి. మంచి చట్టమే, కాదనను. బాట్లకు ముద్రలు, తక్‌పట్టీ రాసిచ్చుడు, వేలంపాట, ఇవన్నీ రైతుకు మేలు చేసేటియే. కాకపోతే గోడ లోపలికి పోయినంక కాంటా ఎవరి చేతిల ఉంది? అడ్తిదారు చేతిలోనే ఉంది. కడ్తా అని గంపకు ఒక కిలో తీసేసుడు ఆగలేదు. మా ఇంట్లో టమాట అమ్మిన ఒక పాత చీటీ ఇప్పటికీ దాచిపెట్టిన. ఏ మార్కెట్టో, ఎవరో పేరు చెప్పను. అందులో కమీషన్ నూటికి 10, హమాలీ వేరే, కడ్తా వేరే, "ఇతర ఖర్చులు" అని ఇంకొక గీత. ఆ ఇతర ఖర్చులు ఏందో మా నాయిన అడిగితే చాయ్ తాగిచ్చిండట.

రైతే పట్నం పోయి కొనేవాళ్ల ఎదుట కూసొని అమ్మాలన్న ఆలోచన సర్కారు స్థాయిలో మొదట గట్టిగా చేసింది పంజాబ్. 1987లో అక్కడి మండీ బోర్డు చండీగఢ్‌లో "అప్నీ మండీ" పెట్టింది. అప్నీ మండీ అంటే మన మార్కెట్ అని. వారంలో ఫలానా రోజు ఫలానా చోట రైతులు వచ్చి కూసుంటరు. దాదాపు మన పాత అంగడి లెక్కనే, కాకపోతే పట్నం నడుమ.

మన దగ్గర 1998 యాదికుందా? ఉల్లిగడ్డ కిలో యాభై దాకా పోయిన సంవత్సరం. ఆ నవంబరులో ఢిల్లీ, రాజస్థాన్ ఎన్నికల్లో గద్దె మీద ఉన్నవాళ్లు ఓడిపోయిన్రు, అందులో ఉల్లిగడ్డ చేయి చాలానే ఉందని అప్పట్ల అందరూ అనుకున్నరు. కొనేవాడు యాభై పెడుతున్నడు, పండించినోడికి అందులో ఎంత వచ్చిందని అడిగినోడు మాత్రం తక్కువ. ఆ తర్వాత రెండు నెలలకు, 1999 జనవరి 26న, చంద్రబాబు నాయుడు ప్రభుత్వం రాష్ట్రంలో రైతుబజార్లు మొదలుపెట్టింది. పార్టీల గొడవ నాకొద్దు, కామెంట్లలో కూడా పెట్టకండి. ఎవరు పెట్టినా పెట్టింది పనికొచ్చేది, దాన్ని తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఎత్తెయ్యలేదు. పట్నంలో ఎర్రగడ్డ, మెహదీపట్నం, వనస్థలిపురం, సరూర్‌నగర్, ఫలక్‌నుమా, కూకట్‌పల్లి, ఇట్ల పేరుపడ్డయి.

దాని పద్ధతి ఎట్ల రాసుకున్నరో చూడండి, ఇది ముఖ్యం. సర్కారు జాగ, ఒక ఎకరం దాకా ఉండాలె. అందులో షెడ్లు. కూసునేందుకు కిరాయి లేదు. కాంటా బజారే ఇస్తది. కమీషన్ లేదు, హమాలీ లేదు, కడ్తా లేదు. రెవెన్యూ, వ్యవసాయ, ఉద్యానవన శాఖలవాళ్లు ఊరికి వచ్చి, నువ్వు నిజంగ కూరగాయలు పెట్టినవా లేదా అని చేను చూసి, ఫోటోతో గుర్తింపు కార్డు ఇస్తరు. మూటలతో పట్నం పోయేందుకు ఆర్టీసీ ప్రత్యేకంగా బస్సులు నడిపింది. మన దగ్గర పండని ఆలుగడ్డ, ఉల్లిగడ్డ అసొంటివి అమ్మేందుకు మహిళా సంఘాలకు కొన్ని స్టాళ్లు. అన్నీ చూసుకునేందుకు ఒక ఎస్టేట్ ఆఫీసరు.

వీటన్నిటికంటే నా దృష్టిలో పెద్దది ధర బోర్డు. పొద్దున్నే హోల్‌సేల్ మార్కెట్ ధర తెప్పించుకొని, బయట చిల్లర ధర చూసి, ఎస్టేట్ ఆఫీసరు, రైతుల కమిటీ కలిసి ఆ రోజు ధర తెంచుతరు. హోల్‌సేల్ కంటే పావు వంతు ఎక్కువ, బయటి చిల్లర కంటే పావు వంతు తక్కువ ఉండేటట్లు చూడాలనేది మొదటి నుంచి పెట్టుకున్న లెక్క. అది నల్లబోర్డు మీద అందరికీ కనపడేటట్లు రాస్తరు. అమ్మేవాడు చూస్తడు, కొనేవాడు చూస్తడు. కండువా కింద వేళ్లు పట్టుకున్న కాలం నుంచి బోర్డు మీద సుద్దముక్క దాకా రావడానికి మనకు ఎన్ని తరాలు పట్టింది? నేను పైన యాదిలో పెట్టుకోమన్న ముక్క ఇదే. ధర తెంచేకాడ రైతు కూసునుడు కొత్త సంగతి. యార్డులో కమిటీలు ఉన్నయి కానీ వంకాయ రైతును పిలిచి "ఇయ్యాల ఎంత పెడదాం" అని అడిగినోడు లేడు.

ఈ బోర్డు పని బజారు గేటుతోని ఆగదు. చుట్టుపక్కల తోపుడుబండ్లవాళ్లు ఆ ధర తెలుసుకొనే బండి కదిలిస్తరు. మరీ రెండింతలు చెప్తే కొనే అమ్మ "రైతుబజార్ల ఇంతే ఉంది కదా" అంటది. అందుకే అక్కడికి రాని పట్నంవాళ్లకు కూడా లాభమే. మనం పొద్దున తెంపింది పది గంటలకల్లా వాళ్ల సంచిల పడ్తది. ఆకుకూర విషయంలో ఈ తేడా నాలుకకే తెలుస్తది. మండీ తోవల పోతే అదే పాలకూర రెండు చేతులు మారి, నీళ్లు చల్లిచ్చుకొని, మరునాడు బండెక్కుతది. మెంతికూర ఏ మందు కొట్టి పండించినవని ఎదురుగ నిలబడి అడిగే కొనుగోలుదారు కూడా మనకు అక్కడే దొరుకుతడు. కొందరికి ఆ ప్రశ్న నచ్చదు. నాకైతే నచ్చుతది, జవాబు చెప్పాల్సి వస్తదని తెలిస్తే మందు కొట్టేటప్పుడే చెయ్యి ఆగుతది.

మన ఆలోచన పక్క రాష్ట్రాలకు కూడా పోయింది. అదే 1999లో నవంబరు 14న తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం మదురైలో "ఉళవర్ సందై" మొదలుపెట్టింది. ఉళవర్ అంటే దున్నేవాళ్లు, సందై అంటే మన సంతే. ఏడాది, రెండేళ్లలోనే వంద దాకా తెరిచిన్రు. 2001లో ప్రభుత్వం మారింది, వాటిని పట్టించుకునేవాళ్లు లేక చాలా మూలపడ్డయి. 2006లో మళ్ల ఆయనే వచ్చినంక మళ్ల లేపిన్రు. ఇదెందుకు చెప్తున్ననంటే, షెడ్డు ఉన్నంత మాత్రాన బజారు ఉండదు. లోపల కూసునే రైతు లేకపోతే ఐదేండ్లలో గోడలే మిగుల్తయి.

ఇగ పైసల లెక్కకు వద్దాం. ఇది లెక్క కోసం నేను వేసుకున్నది, ధరలు రోజూ మారుతయి, మీ అంకెలు మీరు పెట్టుకొని చూడండి. 200 కిలోల వంకాయ అనుకుందాం. మండీల కిలో 16. కడ్తా కింద గంపకు కిలో చొప్పున పది గంపలకు 10 కిలోలు పోతే 190 కిలోలకు 3,040. అందులో నూటికి 10 కమీషన్ 304, హమాలీ 60, ఆటో 500. చేతికి వచ్చేది 2,176. అదే సరుకు రైతుబజార్ల కిలో 20 బోర్డు మీద పడ్డది అనుకోండి. 180 కిలోలు ఆ ధరకు పోయినయి, మిగిలిన 20 కిలోలు సాయంత్రం పదికి ఇచ్చినం. మొత్తం 3,800. ఆటో 600, చాయ్, టిఫిన్, అన్నం 150. చేతిలో 3,050. తేడా 874. ఇందులో మీ ఒక రోజు కూలి 600 తీసేస్తే మిగిలేది 274. "గింతేనా" అంటరు. అవును, మంచి ధర ఉన్న రోజు గంతే. కార్డు కిరాయికి ఇచ్చేటోళ్లు చూసేది ఈ రోజునే.

ఇప్పుడు ధర పడిపోయిన రోజు చూడండి. మండీల కిలో 6. అదే 190 కిలోలకు 1,140. కమీషన్ 114, హమాలీ 60, ఆటో 500 పోతే 466 చేతికి. హమాలీ తగ్గదు, ఆటో తగ్గదు, ధర ఒక్కటే తగ్గుతది. బయట చిల్లరల మాత్రం వంకాయ 6కు దొరకదు. మండీల పడ్డంత తొందరగా బండి మీద పడదు, 14, 15 ఉంటది. కాబట్టి రైతుబజార్ బోర్డు మీద 10 దాకా ఉండొచ్చు. 180 కిలోలు 10కి, 20 కిలోలు 5కి, మొత్తం 1,900. ఖర్చు 750 పోతే 1,150. అటు 466, ఇటు 1,150. రెండింతలు దాటింది. రైతు అప్పుల పాలయ్యేది 16 ఉన్న రోజు కాదు, 6 ఉన్న రోజు. ఆ 6 రోజున ఆదుకునే తావు ఇది.

నేను ఊకే చెప్పుడు కాదు. 2024లో రిజర్వ్ బ్యాంకులో పనిచేసే పరిశోధకులు లెక్క తీసిన్రు. కొనేవాడు టమాట మీద పెట్టే రూపాయిలో రైతుకు వచ్చేది 33 పైసలు, ఉల్లిగడ్డ మీద 36, ఆలుగడ్డ మీద 37. మిగిలినదంతా నడిమిట్ల. అందులో లారీ డీజిల్ ఉంటది, కుళ్లిపోయింది ఉంటది, చిల్లర వ్యాపారి బతుకు ఉంటది, అంతా దోపిడీ అని నేను అనను. తోపుడుబండి అవ్వ కూడా మనలాంటిదే. కానీ మూడో వంతు మాత్రమే పండించినోడికా?

ఉన్నదున్నట్లు చెప్పాలంటే రైతుబజారు అందరికీ సరిపోదు. రెండెకరాల టమాట ఒక్కసారి కోతకు వస్తే ఒక్క గద్దె మీద కూసొని అమ్మలేవు, మండీకి పోవాల్సిందే. పట్నానికి వంద కిలోమీటర్ల అవతల ఉన్నోడికి ఆటో కిరాయే తినేస్తది. ఇంట్లో ఇంకొక మనిషి లేకపోతే చేను ఆగిపోతది. ఇది పనికొచ్చేది పట్నానికి దగ్గర ఊళ్లలో పావు ఎకరం, అర ఎకరం చొప్పున మూడు నాలుగు రకాలు పెట్టేటోనికి. రోజు విడిచి రోజు కోతకు వచ్చేటట్లు బెండ, గోకర, వంకాయ, పక్కన నాలుగు మళ్ల ఆకుకూర. అసొంటి చిన్న రైతులే మన దగ్గర ఎక్కువ. వాళ్లలో మన ఆడవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. మండీల వేలంపాట కాడ ఆడమనిషి మాట ఎవడు వింటడు? రైతుబజార్ల ఆమెనే కాంటా పడ్తది, ఆమెనే పైసలు లెక్కపెట్టుకొని నడుముకు చెక్కుకుంటది. ఇంటికొచ్చినంక ఆ పైసల మీద ఆమె మాట నడుస్తది. ఏ లెక్కల పుస్తకంల రాయని లాభం ఇది.

ఇన్నేండ్లల బజార్లకు వచ్చిన జబ్బు కూడా చెప్పుకోవాలె. దాని పేరు బినామీ. మండీల సరుకు కొని, రైతు కార్డు మెడల ఏసుకొని, రైతు గద్దె మీద కూసునే వ్యాపారి. పేపర్లల ఎప్పటికప్పుడు వస్తనే ఉంటది, అధికారులు అప్పుడప్పుడు తనిఖీలు చేసి కార్డులు రద్దు చేస్తనే ఉంటరు. అందరం వ్యాపారులను తిడతం. కానీ కార్డు వాడికి ఎక్కడి నుంచి వచ్చింది? ఆకాశం నుంచి రాలేదు కదా, మన ఊరి పేరు మీదనే ఉన్నది. అట్ల కూసున్నోడికి హోల్‌సేల్ ధర తెంచేది వాని మనిషే, బోర్డు ధర తెంచేకాడ రైతు పేరుతో కూసునేది వాడే. మళ్ల కండువా కిందికే పోయింది బేరం. నిజమైన రైతు గంప దించుతానంటే "జాగ లేదు" అంటడు. నెలకు మీకు ఇచ్చే కిరాయి వాడు ఒక ధర పడ్డ రోజున రాబట్టుకుంటడు, పైన వేసిన లెక్క చూసినంక మీకే అర్థమై ఉంటది.

2020 లాక్‌డౌన్ కూడా ఒకసారి తలుచుకోండి. హోటళ్లు బంద్, పెండ్లిళ్లు బంద్, లారీలు ఆగినయి, మండీకి పోయినా కొనేటోడు లేడు. పువ్వులు, టమాట చేన్లల్లనే దున్నేసిన్రు. ఆ టైంల మన దగ్గర మొబైల్ రైతుబజార్లని వ్యాన్లు కాలనీలకు పంపిన్రు. ఆంధ్రలో రైతుబజార్లను స్కూలు మైదానాలల్లకు, స్టేడియాలకు విడగొట్టి దూరం దూరం కూసోబెట్టిన్రు. ఆ రోజుల్ల సరుకు కదిలిందంటే గుర్తింపు కార్డు ఉన్న రైతు, వాడి గద్దె, వాడి కాంటా ముందుగాల నుంచే ఉండబట్టి. 2023 జులైల టమాట నూరు దాటినప్పుడు ఆంధ్ర సర్కారు 50 రూపాయలకు అమ్మింది కూడా రైతుబజార్లల్లనే. కష్టం వచ్చినప్పుడు సర్కారుకు ఆ జాగ యాదికొస్తది, మనం మాత్రం మంచిగున్నప్పుడు దాన్ని విడిచిపెడుతున్నం.

ఈ మధ్యల వేరే ఎన్నో వచ్చినయి. 2016లో ఈ-నామ్ అని కంప్యూటర్ల వేలం పెట్టిన్రు. 2020లో మూడు చట్టాలు తెచ్చి, ఢిల్లీ చుట్టూ ఏడాది పొడుగున రైతులు కూసున్నంక 2021లో తీసేసిన్రు. ఫోన్ల ఆర్డరు పెడితే పది నిమిషాల్ల కూరగాయలు తెచ్చే కంపెనీలు వచ్చినయి. వాళ్లు ఊరికి వచ్చి సైజు చూసి, వంకర ఉన్నది పక్కకు పెట్టి కొంటరు. మంచి ధర ఇచ్చిన రోజులు కూడా ఉన్నయి, అమ్మేటోళ్లు అమ్మండి. వంకర బెండకాయ ఎక్కడ అమ్ముతరు మరి? నా చేన్ల నూటికి ఇరవై వంకరనే కాస్తది.

కాబట్టి నేను అడిగేది చిన్నది. నలుగురు రైతులు కలిసి ఒక ఆటో మాట్లాడుకోండి. వంతుల వారీగా ఒక్కొక్క రోజు ఇద్దరు పోండి, ఎవరి సరుకు వాళ్ల చీటీ మీద రాసుకోండి, అమ్మిన పైసలు సాయంత్రం పంచుకోండి. కాకపోతే వంతుకు పోయే ప్రతి ఒక్కరికీ సొంత కార్డు ఉండాలె. ఇట్ల చేస్తే ఒక్కొక్కరికి వారంల రెండు రోజుల కంటే ఎక్కువ పోవుడు ఉండదు, పైన నేను తీసేసిన 600 కూలి కూడా సగానికి సగం తగ్గుతది. కార్డు గడువు అయిపోయినోళ్లు ఉద్యానవన అధికారిని కలవండి, పాస్‌బుక్కు జిరాక్సు, ఆధార్, ఫోటోలు దగ్గర పెట్టుకోండి, చేన్ల పంట నిలబడి ఉన్నప్పుడే దరఖాస్తు పెట్టండి. చేను ఖాళీగ ఉన్నప్పుడు పెడితే వచ్చినోళ్లు ఏం చూసి రాస్తరు? బజారుకు పోయిన రోజు ధర తెంచే టైంకు బోర్డు కాడికి పోయి నిలబడండి. ఎవరు తెంచుతున్నరో, ఎంత తెంచుతున్నరో ఫోటో తీసి మన గ్రూపుల పెట్టండి. మన ఊరి నుంచి ఎవరెవరు వంతుకు వస్తరో కింద పేరు రాయండి, ఆటో సంగతి నేను మాట్లాడ్త.